కెమెరాకు తగిన మెమరీ కార్డు

కెమెరా కొనదలచినపుడు మనవారు నాలుగు దుకాణములు తిరిగి, పదిమందిని అడిగి, నెల దినములు ఆలోచించిన పిమ్మట గాని నిర్ణయమునకు రారు. అందులో పెట్టవలసిన మెమరీ కార్డు విషయము వచ్చునప్పటికి మాత్రము "దానితోపాటు ఒక కార్డు కూడ ఇవ్వండి" అని ఊరకుందురు. దుకాణదారు ఏది చేతికిచ్చిన అదియే కార్డు. ఏడాది పొడవున శ్రమించి పంట పండించి, గాదె సంగతి మరచిన రైతు వ్యవహారము వంటిది ఇది. కెమెరా చిత్రమును పట్టును. కార్డు దానిని దాచును. ఎంత చక్కగా పట్టినను దాచుట కుదరనిచో ఫలము సున్న. కెమెరా చెడిపోయినచో మరియొకటి కొనవచ్చును. కార్డులోని పెండ్లి చిత్రములు చెడిపోయినచో ఆ పెండ్లిని మరల చేయలేము. ఆనాడు పందిటిలో ముందు వరుసలో కూర్చున్న తాతగారు మరుసటి యేటికి మన మధ్య ఉండకపోవచ్చును.

బజారులో ఈ కార్డులు ఒకటి రెండు రకములు కావు. తపాలాబిళ్ళ అంతటి వస్తువు మీద కంపెనీ పేరు, రెండు మూడు పెద్ద అంకెలు, నాలుగైదు అక్షరములు, వాని ప్రక్కన మరల చిన్న అంకెలు క్రిక్కిరిసి ఉండును. చూచినవారికి పంచాంగము చేతికి వచ్చినట్లుండును. చదువుట తెలియనివారికి అదంతయు గీతలే. అయితే మనకు కావలసిన కార్డును తేల్చుకొనుటకు మూడు ప్రశ్నలు చాలును. ఈ కార్డును మన కెమెరా స్వీకరించునా? మనము తీయు చిత్రముల ధాటికి ఈ కార్డు నిలుచునా? ఈ కార్డు రేపు పోయినచో మన చిత్రములు మరియెక్కడనైన ఉన్నవా? మొదటి రెండింటికి సమాధానము దుకాణములో దొరకును. మూడవదానికి సమాధానము మన ఇంటిలోనే ఏర్పరచుకొనవలెను.

ఫిల్ము కెమెరాల కాలములో ఈ ప్రశ్నలు లేకపోవుటకు కారణము కలదు. అప్పుడు వెలుతురును గ్రహించునదియు ఫిల్మే, గ్రహించినదానిని నిలుపుకొనునదియు ఫిల్మే. 36 చిత్రముల చుట్ట ముగియగానే స్టూడియోకు ఇచ్చి కడిగించుకొనెడివారము. బొమ్మలతోపాటు నెగటివులను కూడ కవరులో పెట్టి ఇచ్చెడివారు. ఆ కవరు ఏ ట్రంకు పెట్టె అడుగుననో పడియుండెడిది. గోడమీది బొమ్మ తడిసినను, చెదలు తిన్నను, నెగటివు ఉన్నంతవరకు మరల అచ్చు వేయించుకొనుటకు వీలుండెడిది. డిజిటల్ కెమెరాలో ఈ రెండు పనులు విడిపోయినవి. వెలుతురును గ్రహించుటకు సెన్సరు అను పలక ఒకటి. గ్రహించినది అంకెలుగా మారిన పిమ్మట దానిని నిలువచేయుటకు మెమరీ కార్డు వేరొకటి. పైగా ఫిల్ము ఒకమారు వాడినచో తీరిపోవును. కార్డును తుడిచి మరల మరల వాడుదుము. సౌకర్యమే. కాని తుడిచి వాడుకొను వస్తువు నెగటివు కాజాలదు. ఈ మాటను జ్ఞాపకమందుంచుకొని ముందునకు పోవుదము.

కార్డు లోపల ఉన్నది ఫ్లాష్ మెమరీ అను సిలికాన్ బిళ్ళ. జపానులోని తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుఓకా ఈ పద్ధతిని 1984లో లోకమునకు వెల్లడించెను. 1987లో నాండ్ అను దాని రెండవ రూపము వెలువడినది. నేటి కార్డులలో ఉన్నది ఈ రెండవ రూపమే. ఇందులో కంటికి కానరాని అరలు కోట్ల కొలది ఉండును. ఒక్కొక్క అరలోనికి విద్యుత్కణములను పంపి, విద్యుత్తు బయటకు పోనీయని పొరతో వానిని బంధించుదురు. ఏ అరలో ఎంత విద్యుదావేశము నిలిచినదో దానిని బట్టి అంకెను చదువుకొందురు. కెమెరాను ఆపివేసినను, కార్డును ఊడదీసి జేబులో వేసికొన్నను ఆ కణములు అక్కడనే నిలిచియుండును. తుడుచునపుడు మాత్రము అరలను ఒక్కొక్కటిగా కాక గుంపులు గుంపులుగా ఒక్కసారి తుడుచుదురు. ఆ తుడుపు కెమెరా ఫ్లాషు వెలుగువలె తటాలున జరుగుట చూచి, మసుఓకా సహోద్యోగి షోజి అరియిజుమి దీనికి ఫ్లాష్ అను పేరు సూచించెనని చెప్పుదురు. కెమెరా నుండి పుట్టిన పేరు మరల కెమెరాలోనికే వచ్చి చేరినది.

ఇక మొదటి ప్రశ్న. కార్డును కెమెరా స్వీకరించునా?

తొలి దినములలో ఏ కంపెనీ కార్డు దానిదే. 1994లో శాన్‌డిస్క్ కంపెనీ కాంపాక్ట్‌ఫ్లాష్ అను కార్డును తెచ్చినది. మరుసటి యేడు తోషిబా వారి స్మార్ట్‌మీడియా వచ్చినది. 1998లో సోనీ వారి మెమరీ స్టిక్, 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కంపెనీలు కలిసి తెచ్చిన ఎక్స్.డి. కార్డు. ఒకదాని అరలో మరియొకటి దూరదు. ఈ లోపల 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కంపెనీలు మూడును కూడి ఎస్.డి. కార్డును ప్రకటించినవి. అనేక కంపెనీలు దీనినే అవలంబించుటచేత క్రమముగా ఇది తక్కినవానిని వెనుకకు నెట్టినది. 2010లో సోనీ కంపెనీయే తన కెమెరాలలో ఎస్.డి. కార్డునకు చోటు కల్పించినది. నేడు ఇండ్లలో వాడు కెమెరాలలో మిక్కిలిగా కనిపించునది ఈ ఎస్.డి. కార్డే. దీని పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందము 2.1. దీని తమ్ముడు మైక్రో ఎస్.డి. పొడవు 15, వెడల్పు 11 మిల్లీమీటర్లు మాత్రమే. అది ఫోనులకు, చేతిలో ఇమిడిపోవు చిన్న వీడియో కెమెరాలకు ఉద్దేశించినది. అడాప్టరు అను తొడుగులో పెట్టినచో మైక్రో కార్డు పెద్ద అరలో పనిచేయును. అవసరమునకు అది మంచిదే కాని, తొడుగు వలన అదనముగ ఒక అతుకు ఏర్పడుచున్నది. అతుకున్న చోట లోపమునకు అవకాశము ఎక్కువ. కనుక ఎస్.డి. అర ఉన్న కెమెరాకు ఎస్.డి. కార్డునే కొనుట మేలు.

ఆకారము కుదిరినంత మాత్రమున పని ముగియలేదు. చూచుటకు ఒక్కతీరుగానే ఉన్న ఎస్.డి. కార్డులలో తరములు కలవు. మొదటి తరము 2 గిగాబైట్ల వరకు మాత్రమే. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. తరము 2 మొదలు 32 గిగాబైట్ల వరకు. 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. తరము 32 దాటి 2 టెరాబైట్ల వరకు, అనగా సుమారు రెండు వేల గిగాబైట్ల వరకు. 2018లో నిర్ణయించిన ఎస్.డి.యు.సి. తరము 128 టెరాబైట్ల వరకు పోవచ్చును. ఒక్కొక్క తరములో లోపలి పద్దులు వ్రాయు పద్ధతి వేరు. క్రొత్త గుమాస్తాకు పాత పద్దులు చదువ వచ్చును. పాత గుమాస్తాకు క్రొత్త పద్దులు చదువ రాదు. కావున క్రొత్త కెమెరా పాత కార్డును స్వీకరించును గాని, పాత కెమెరా క్రొత్త కార్డును స్వీకరింపకపోవచ్చును. బీరువాలో ఉన్న 2005 నాటి కెమెరాను మరల వాడదలచి, దానికి 64 గిగాబైట్ల కార్డు కొని తెచ్చి, "కెమెరా పాడైపోయినది" అని విచారించువారు కలరు. కెమెరా పాడు కాలేదు. దానికి ఆ పద్దు చదువుట రాదు, అంతియే. 32 గిగాబైట్లకు లోబడిన కార్డులలో పొడవైన వీడియో తీసినపుడు అది 4 గిగాబైట్ల తునకలుగా విడిపోవుటకు కూడ ఈ పద్దుల పద్ధతియే కారణము. ఆ పద్ధతిలో ఒక దస్త్రము అంతకు మించి పెరుగరాదు.

పెద్ద కెమెరాలలో వేరొక కుటుంబము కలదు. 2012లో నికాన్ కంపెనీ తన డి4 కెమెరాలో ఎక్స్.క్యు.డి. అను కార్డును మొదటగా వాడినది. దాని వారసునిగా సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ వచ్చినది. ఇందులో ఏ, బి, సి అని మూడు పరిమాణములు కలవు. కెమెరాలలో కనిపించునవి మొదటి రెండు. 2020లో సోనీ వారి ఏ7ఎస్ మూడవ రకపు కెమెరాలో ఏ పరిమాణము, అదే యేడు కెనాన్ వారి ఆర్5 కెమెరాలో బి పరిమాణము ప్రవేశించినవి. ఏ కార్డు బి అరలో నిలువదు, బి కార్డు ఏ అరలో దూరదు. ఇందుమూలముగ చెప్పవచ్చినది ఒక్కటే. కార్డు ఆకారమును ఎన్నుకొను స్వాతంత్ర్యము మనకు లేదు. కెమెరాను కొన్ననాడే ఆ నిర్ణయము జరిగిపోయినది. దుకాణమునకు పోవుటకు ముందు కెమెరాతో వచ్చిన పుస్తకమును తెరచి, అందులో వ్రాసిన కార్డు పేరును, గరిష్ఠ పరిమాణమును కాగితముమీద వ్రాసికొని పోవలెను.

రెండవ ప్రశ్న వేగమును గూర్చినది. కార్డుమీది అంకెలలో అధికభాగము దీనికి సంబంధించినవే. కొనువారు మోసపోవుటయు ఇక్కడనే.

కార్డుమీద పెద్ద అక్షరములతో సెకనుకు 200 మెగాబైట్లు అని అచ్చువేసి యుండును. ఇది సాధారణముగా కార్డునుండి చదువు వేగము. అనగా ఇంటికి వచ్చి కంప్యూటరులోనికి చిత్రములు దించుకొనునపుడు అక్కరకు వచ్చునది. చిత్రము తీయునపుడు కెమెరా కార్డులోనికి వ్రాయును. వ్రాయు వేగము చదువు వేగముకంటె తక్కువగా ఉండుట పరిపాటి. అదియు ఎల్లప్పుడు ఒకే తీరున ఉండదు; కొంతసేపు పరుగెత్తి, పిదప అలసిపోవు కార్డులు అనేకములు. పైగా సాధారణమైన ఎస్.డి. కార్డులలో యు.హెచ్.ఎస్. మొదటి తరగతి అను మార్గమునకు సెకనుకు 104 మెగాబైట్లు పరిమితి. అంతకు మించిన అంకెను చూపు ఈ తరగతి కార్డులు కొన్ని, ఆ వేగమును తమ కంపెనీ వారి ప్రత్యేకమైన రీడరులో పెట్టినపుడే ఇచ్చును. మన కెమెరాలో పెట్టినపుడు ఇయ్యవు. కొన్ని కార్డులమీద 600 రెట్లు, 1000 రెట్లు అని ఉండును. ఇది పూర్వపు సి.డి. యంత్రముల వేగముతో పోల్చి చెప్పు లెక్క. ఒక రెట్టు అనగా సెకనుకు 150 కిలోబైట్లు. 1000 రెట్లనగా 150 మెగాబైట్లు.

మనము చూడవలసినది పెద్ద అంకెను కాదు, చిన్న గుర్తును. సి అక్షరము లోపల 10 అని ఉన్నచో, వ్రాయునపుడు సెకనుకు 10 మెగాబైట్లకు తగ్గదని భావము. యు అక్షరము లోపల 1 ఉన్నచో అదియే 10. 3 ఉన్నచో 30. వి అక్షరము ప్రక్కన 30, 60, 90 అని ఉన్నచో, వీడియో తీయుచున్నంత సేపును అన్ని మెగాబైట్లకు తగ్గదని హామీ. పెద్ద అంకె, ఎద్దు ఒకనాడు పరుగెత్తిన వేగము; చిన్న గుర్తు, బరువు బండితో దినమంతయు నడువగల నడక. మన పనికి కావలసినది నడక. మైక్రో కార్డులమీద ఏ 1, ఏ 2 అను గుర్తులు కనిపించును. అవి ఫోనులోని అప్లికేషనులు నడచుటకు సంబంధించినవి. కెమెరా కొరకు వానికై అధికముగ చెల్లింపనక్కరలేదు.

వీడియో లెక్కలలో ఒక తిరకాసు కలదు. కెమెరా పుస్తకములో వీడియో వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. కార్డుమీద మెగాబైట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో అనగా 12.5 మెగాబైట్లు మాత్రమే. వి 30 కార్డు సెకనుకు 240 మెగాబిట్లను మోయగలదు కావున దీనికి అది ధారాళముగా చాలును. సెకనుకు 400 మెగాబిట్ల వీడియో తీయువారికి 50 మెగాబైట్లు కావలెను. వారికి వి 60 ఉండవలెను. ఎనిమిదిచేత భాగించుట మరచినవారు 100 అను అంకెను చూచి బెదరి, అవసరము లేని ఖరీదైన కార్డును కొందురు. అయితే లెక్క ఎట్లున్నను, ఫలానా వీడియోకు యు 3 గుర్తుగల కార్డు ఉండవలెనని కెమెరా పుస్తకము చెప్పినచో దాని మాటయే వినవలెను. తక్కువ గుర్తును చూచి కొన్ని కెమెరాలు ఆ వీడియోను మొదలు పెట్టుటకే అంగీకరింపవు.

ఇక నిశ్చల చిత్రములు. నెమ్మదిగా ఒక్కొక్క చిత్రము తీసికొనువారికి ఏ మంచి కార్డయినను చాలును. చిక్కు వచ్చునది వరుసగా గబగబ తీయునపుడు. తలంబ్రాల ఘట్టము తీసికొందము. వధూవరులు పోటీపడి బియ్యము పోసికొనుచుందురు, చుట్టములు నవ్వుచుందురు, పూలు ఎగురుచుండును. ఛాయాగ్రాహకుడు మీటను నొక్కిపట్టును. కెమెరా సెకనుకు పది చిత్రములు తీయునదనుకొందము. రా అను పచ్చిరూపములో చిత్రము ఒక్కొక్కటి 30 మెగాబైట్లయినచో, సెకనుకు 300 మెగాబైట్లు వచ్చి పడుచున్నవి. కార్డు సెకనుకు 90 మాత్రమే వ్రాసికొనగలదు. అనగా పది చిత్రములు వచ్చుచుండగా మూడు లోనికి పోవుచున్నవి. తక్కిన యేడును కెమెరా లోపలి తాత్కాలికపు తొట్టిలో నిలిచియుండును. ఆ తొట్టి 50 చిత్రములు పట్టునదైనచో ఏడు సెకనులలో నిండిపోవును. అప్పటినుండి కెమెరా సెకనుకు మూడు చిత్రములకు దిగిపోవును. తొట్టి ఎంత పెద్దదైనను తూము సన్నమైనచో నీరు నిలిచిపోవుట సహజము కదా! సరిగా అటువంటి తరుణముననే, వధువు ఓరగా చూచి నవ్విన నవ్వు పోవును. అదే చిత్రములను జె.పి.ఇ.జి. రూపములో, ఒక్కొక్కటి 10 మెగాబైట్ల చొప్పున తీసినచో సెకనుకు 100 మెగాబైట్లే వచ్చును. ఆ కార్డే దాదాపు సరిపోవును. కావున వేగము చాలనప్పుడు ప్రతిసారియు కార్డు మార్చనక్కరలేదు. చిత్రపు రూపమును మార్చినను చాలును.

తూమును వెడల్పు చేయదలచినవారికి యు.హెచ్.ఎస్. రెండవ తరగతి కార్డులు కలవు. 2011లో వచ్చిన ఈ మార్గమునకు సెకనుకు 312 మెగాబైట్లు పరిమితి. కార్డు వెనుక లోహపు రేకులు ఒక వరుస కాక రెండు వరుసలుండును. ముందువైపు రోమన్ అంకె రెండు ఉండును. కాని కెమెరా అరలో కూడ ఆ రెండవ వరుసకు సరిపడు ఏర్పాటు ఉండవలెను. లేనిచో ఆ కార్డు పనిచేయును గాని, మొదటి తరగతి వేగముననే పనిచేయును. ఇరుకు సందులో పెద్ద కారు ఎంత నెమ్మదిగా పోవునో అంత నెమ్మదిగా పోవును. పెట్టిన అధిక ధనము వ్యర్థము. సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ కార్డులు వీనిని మించినవి. 2019 నాటి నిర్ణయము ప్రకారము ఏ పరిమాణమునకు సెకనుకు 1000, బి పరిమాణమునకు 2000 మెగాబైట్లు గరిష్ఠ పరిమితి. 2023లో ఆ పరిమితులు రెట్టింపైనవి. పరుగు పందెములు, అడవి పక్షులు, సినిమా వంటి వీడియోలు తీయువారికి ఇవి అవసరము. పుట్టినరోజు పండుగకు, తిరునాళ్ళకు కెమెరా వాడుకొను గృహస్థునకు అనవసరము.

పరిమాణమును గూర్చి రెండు మాటలు. 64 గిగాబైట్ల కార్డులో 10 మెగాబైట్ల చిత్రములు సుమారు ఆరు వేలు పట్టును. 30 మెగాబైట్ల పచ్చి చిత్రములు రెండు వేలకు పైగా పట్టును. సెకనుకు 100 మెగాబిట్ల వీడియో గంటా ఇరువది నిమిషములకు మించి పట్టును. కంప్యూటరులో పెట్టి చూచినపుడు 64కు బదులు 59 అని కనిపించినచో దుకాణదారును అనుమానింపరాదు. కంపెనీవారు వేయిచొప్పున లెక్కించుదురు. అనేక కంప్యూటర్లు 1024 చొప్పున లెక్కించును. వస్తువు ఒక్కటే, కొలపాత్ర వేరు. 256 గిగాబైట్ల కార్డు ఒక్కటి కొనుటయా, 64 గిగాబైట్లవి నాలుగు కొనుటయా అని అడుగువారు కలరు. మూడు దినముల పెండ్లిని ఒక్క కార్డుమీద తీసి, అది పోయినచో మూడు దినములును పోవును. నాలుగు కార్డులమీద తీసి ఒకటి పోయినచో నాలుగవ వంతు మాత్రము పోవును. అయితే చిన్న కార్డులను మాటిమాటికి మార్చుటలో జారవిడుచుటకు, తారుమారు చేయుటకు అవకాశము కలదు. మధ్యస్థమైన పరిమాణమున రెండు మూడు కార్డులుంచుకొని, నిండినవానిని, ఖాళీవానిని వేరువేరు డబ్బీలలో పెట్టుకొనుట మంచి పద్ధతి.

మూడవ ప్రశ్న అన్నిటికంటె పెద్దది. కార్డు పోయినచో చిత్రములు మరియెక్కడనైన ఉన్నవా?

కార్డు పోవుటకు మార్గములనేకములు. మొదటిది నకిలీ కార్డు. ప్రసిద్ధ కంపెనీ పేరు, అట్టపెట్టె, అంకెలు అన్నియు అచ్చముగా ఉండును. ధర మాత్రము సగమునకు సగముండును. లోపలి బిళ్ళ 32 గిగాబైట్లదే అయినను, 512 అని కెమెరాతో అబద్ధము చెప్పునట్లు దానిని తయారుచేయుదురు. మొదటి చిత్రములు చక్కగానే పడును. 32 దాటిన పిమ్మట క్రొత్త చిత్రము పాతదానిమీద పడును, లేదా పేరు మాత్రము మిగిలి బొమ్మ మాయమగును. ఇంటికి వచ్చి తెరచువరకు మోసము బయటపడదు. కావున నమ్మకమైన దుకాణములో రసీదు తీసికొని కొనవలెను. కొన్నవెంటనే కార్డును అంచువరకు నింపి, మరల చదివి సరిచూడవలెను. ఈ పనికి కంప్యూటరులో ఉచితముగా దొరకు ప్రోగ్రాములు కలవు. శుభకార్యము నాడు క్రొత్త కార్డును మొదటిసారి తెరచుట తగదు.

రెండవది మన తొందరపాటు. కార్డులోనికి వ్రాయుచున్నంత సేపు కెమెరామీద చిన్న దీపము వెలుగుచుండును. అది ఆరకముందే తలుపు తెరచి కార్డును లాగినచో, చివరి చిత్రమేకాక లోపలి పద్దు సమస్తము చెదరిపోవచ్చును. కార్డును శుభ్రపరచుట, అనగా ఫార్మాటు చేయుట, కంప్యూటరులో కాక కెమెరాలోనే చేయవలెను. కెమెరాకు కావలసిన పద్ధతిలో పద్దు పుస్తకము క్రొత్తగా ఏర్పడును. ఎస్.డి. కార్డు ప్రక్కన ఉన్న చిన్న మీటను క్రిందికి జరిపినచో కెమెరా దానిలో వ్రాయదు, తుడువదు. నిండిన కార్డుకు ఇది చక్కని గొళ్ళెము. పొరపాటున చిత్రములు తుడిచివేసినచో వెంటనే ఆ కార్డును వాడుట మానవలెను. సాధారణముగా తుడిచినపుడు పద్దులోని పేరు మాత్రమే పోవును. చిత్రము దానిమీద మరియొకటి పడువరకు లోపలనే ఉండవచ్చును. తెలిసినవారు దానిని వెలికితీయగలుగుదురు. తొందరపడి మరి నాలుగు చిత్రములు తీసినచో ఆ అవకాశము కూడ చేజారును.

మూడవది కాలము. అరలలో బంధింపబడిన విద్యుత్కణములు శాశ్వతముగా ఉండునవి కావు. ఏండ్లు గడచినకొలది, వేడి సోకినకొలది అవి మెల్లగా జారిపోవుచుండును. వ్రాసి తుడిచినకొలది అరల గోడలు కూడ అరుగుచుండును. మంచి కార్డు మన అవసరములకు చాలినన్ని ఏండ్లు పనిచేయును, సందేహము లేదు. కాని పెండ్లి చిత్రములు కార్డులోనే ఉంచి, దానిని బీరువాలో దాచి, పదునైదేండ్ల తరువాత మనుమరాలికి చూపింతమని నమ్మియుండుట మంచిది కాదు. కార్డు పంటను పొలమునుండి ఇంటికి చేర్చు బండి వంటిది. గాదె వేరే ఉండవలెను.

మా రేడియో పనిలోను ఇదే నియమము. స్టూడియో వెలుపల మాటలు, పాటలు రికార్డు చేయు చేతి యంత్రములలో ఉండునవి ఈ కార్డులే. వృద్ధుడైన జానపద గాయకుడు ఒకడు తన జ్ఞాపకములో మాత్రమే మిగిలిన పాటను పాడినపుడు, ఆ పాట ఉన్న చోటు ఆ గోరంత బిళ్ళ ఒక్కటియే. కనుక నకలు తీసి, తీసిన నకలును విని చూచువరకు ఆ కార్డును ఎవ్వరును తుడువరాదు. ఇంటి చిత్రములకు కూడ ఈ క్రమము వర్తించును. చిత్రములను మొదట కంప్యూటరులోనికి, పిదప విడిగా ఉండు హార్డు డిస్కులోనికి నకలు చేయవలెను. ఈ రెండింటిలో ఒకటి వేరొక ఇంటిలో, లేదా ఇంటర్నెట్టులోని నిలువచోటులో ఉండుట మేలు. ఒక ఇంటికి వచ్చిన వరదగాని, నిప్పుగాని, దొంగతనముగాని రెండింటిని కొనిపోజాలదు. నకళ్ళను తెరచి చూచిన పిమ్మటనే కార్డును ఫార్మాటు చేయవలెను. రెండు కార్డులకు అరలున్న కెమెరాలు కలవు. వానిలో ఒకే చిత్రమును రెండు కార్డులమీదను ఒక్కసారి వ్రాయుటకు ఏర్పాటుండును. పెండ్లికి ఛాయాగ్రాహకుని కుదుర్చుకొనువారు ఆయన ధరను అడుగుటతోపాటు, "రెండు కార్డులమీద తీయుదురా? నకలు ఎప్పుడు తీయుదురు?" అని కూడ అడుగవలెను. మంచి పనివాడు ఈ ప్రశ్నకు నొచ్చుకొనడు.

చెప్పినదానిని కొనుగోలు మాటగా కుదించినచో ఇట్లుండును. ఇంటి వేడుకలు, ప్రయాణములు, సాధారణమైన 4కె వీడియో తీయువారికి యు.హెచ్.ఎస్. మొదటి తరగతి, వి 30 గుర్తు, 64 గిగాబైట్ల ఎస్.డి. కార్డులు రెండు చాలును. వరుస చిత్రములు, పెద్ద వీడియోలు తీయువారు, తమ కెమెరాలో రెండవ వరుస రేకులకు చోటున్నదని నిశ్చయించుకొని, యు.హెచ్.ఎస్. రెండవ తరగతి, వి 60 కార్డును కొనవచ్చును. సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ అర ఉన్న కెమెరా గలవారు ఏ పరిమాణమో, బి పరిమాణమో చూచుకొని కొనవలెను. 2006కు పూర్వపు కెమెరాను వాడదలచినవారు 2 గిగాబైట్లు దాటరాదు.

ఇంతవరకు దుకాణములో జరుగు పని. మిగిలినది ఇంటిలో జరుగవలెను. పూర్వము నెగటివును స్టూడియోవారే మన చేతిలో పెట్టెడివారు. మనము అడుగకున్నను అది ఇంటికి వచ్చెడిది. ఇప్పుడు ఎవ్వరును తెచ్చి ఇయ్యరు. చుట్టములందరు వెళ్ళిన పిమ్మట, పందిరి విప్పకముందే, ఆ రాత్రియే కూర్చుండి నకలు తీసికొన్నవారికే అది ఉండును. అందుకు కావలసినది అరగంట సమయము, ఒక హార్డు డిస్కు మాత్రమే.